తోతాపురికి ధర కట్టాల్సింది ఎవరు? పెట్టుబడిదారీ విధానం, సోషలిజం: చిత్తూరు లెక్క

2025 జూన్‌లో చిత్తూరు జిల్లాలో తోతాపురి మామిడి విరగకాసింది, ధర కుప్పకూలింది. గుజ్జు ఫ్యాక్టరీల ముందు కాయల ట్రాక్టర్లు బారులు తీరాయి. పాత గుజ్జే గోదాముల్లో మిగిలిపోయిందనీ, ఎగుమతులు లేవనీ ఫ్యాక్టరీల వాళ్లన్నారు. చివరికి రాష్ట్ర ప్రభుత్వం కిలోకు 12 రూపాయలని ప్రకటించింది. అందులో 8 ఫ్యాక్టరీ ఇవ్వాలి, 4 ఖజానా కలుపుతుంది. ఆ 8 ఇవ్వడం లేదని రైతులు రోడ్డెక్కారు. అదే నెలలో కర్ణాటక తోతాపురి జిల్లాలోకి రాకుండా ఆంక్ష పెట్టారు. దాన్ని ఎత్తేయమని ఆ రాష్ట్ర ముఖ్యమంత్రి సిద్ధరామయ్య చంద్రబాబు నాయుడికి ఉత్తరం రాశారు.

ఆ వారాల్లో తిరుపతి, చిత్తూరు టీ కొట్ల దగ్గర రెండే మాటలు వినపడ్డాయి. వ్యాపారంలో సర్కారు వేలు పెడితే ఇంతే అని ఒకరు, కంపెనీలకు వదిలేస్తే రైతును నిలువునా దోచుకుంటాయని ఇంకొకరు. తెలిసినా తెలియకపోయినా ఇద్దరూ వాదిస్తున్నది రెండు వందల ఏళ్లుగా ప్రపంచం తేల్చుకోలేని సంగతి గురించే. పెట్టుబడిదారీ విధానం మేలా, సోషలిజం మేలా? ఆచరణలో ఏది పనిచేస్తుంది, న్యాయంగా చూస్తే ఏది సరైనది? ఈ రెండు ప్రశ్నలూ వేర్వేరు. వాటిని కలిపేయడం వల్లే సగం గొడవ.

ముందు అర్థాలు తేల్చుకుందాం

పెట్టుబడిదారీ విధానంలో భూమి, ఫ్యాక్టరీ, యంత్రం, లారీ లాంటి ఉత్పత్తి సాధనాలు ప్రైవేటు వ్యక్తుల చేతిలో ఉంటాయి. ఏం తయారుచేయాలి, ఎంతకు అమ్మాలి అన్నది బేరంలో తేలుతుంది. లాభం యజమానిది, నష్టమూ యజమానిదే. సోషలిజంలో ఆ సాధనాలు సమాజం చేతిలో ఉంటాయి. సమాజం అంటే కేంద్ర ప్రభుత్వం కావచ్చు, మునిసిపాలిటీ కావచ్చు, పనిచేసేవాళ్ల సంఘమే కావచ్చు. సరుకు తయారయ్యేది లాభం కోసం కాదు, జనం అవసరం తీర్చడానికి. సోషలిజం ఒక దశ మాత్రమేననీ, ఆ తర్వాత వర్గాలూ ప్రభుత్వమూ అక్కర్లేని సమాజం వస్తుందనీ మార్క్స్ అనుచరులు నమ్ముతారు. కమ్యూనిజం అంటే అది.

పింఛను, రేషన్ బియ్యం, ఫీజు రీయింబర్స్‌మెంట్ సోషలిజం కిందికి వస్తాయా? ఈ నిర్వచనం ప్రకారం రావు. మార్కెట్లో సంపాదించినదాని మీద పన్ను వేసి, ఆ డబ్బు కొంత పంచడం సంక్షేమ రాజ్యం పని. చాలామంది సోషలిస్టు దేశాలుగా చెప్పుకునే స్వీడన్, డెన్మార్క్‌లలో కంపెనీలు ఎక్కువగా ప్రైవేటువే. పన్నులు ఎక్కువ, యూనియన్లు బలమైనవి. చట్టం నిర్ణయించిన కనీస వేతనం కూడా అక్కడ లేదు, యూనియన్లూ యజమానుల సంఘాలూ కూర్చుని తేల్చుకుంటాయి. అలాగే సర్కారు భూమి సేకరించి కంపెనీలకు ఇవ్వడాన్ని అచ్చమైన పెట్టుబడిదారీ విధానం అనడమూ పొరపాటే. సత్యవేడు దగ్గర 2008లో మొదలైన శ్రీసిటీ వెనుక ప్రభుత్వం చెయ్యి లేకపోతే అన్ని ఫ్యాక్టరీలు ఒకచోటికి వచ్చేవా?

అందుకే ఏ పథకాన్ని చూసినా పేరు పక్కనపెట్టి మూడు విషయాలు అడగడం మంచిది. ఆస్తి ఎవరిది? ధర ఎవరు చెబుతారు? నష్టం ఎవరు మోస్తారు? తోతాపురి విషయంలో తోట రైతుది, ఫ్యాక్టరీ యజమానిది. ధర మాత్రం ప్రభుత్వం చెప్పింది, నష్టంలో కొంత ఖజానా మోసింది. ఒకే కిలో కాయలో రెండు విధానాలూ కలిసే ఉన్నాయి.

ఆవడి తీర్మానం, చిత్తూరు ఉప ఎన్నిక

ఈ చర్చ మన జిల్లాకు కొత్త కాదు. మద్రాసు దగ్గరి ఆవడిలో 1955లో కాంగ్రెస్ సోషలిస్టు తరహా సమాజమే తన లక్ష్యమని తీర్మానించింది. 1959లో నాగపూర్‌లో ఇంకో అడుగు వేసి ఉమ్మడి సహకార సేద్యం కావాలంది. రైతు తన గట్టు తీసేసి నలుగురితో భూమి కలపాలన్న ఆ ఆలోచనను రాజాజీ, ఎన్.జి. రంగా గట్టిగా ఎదిరించారు. అదే ఏడాది స్వతంత్ర పార్టీ పుట్టింది, రంగా దానికి అధ్యక్షుడయ్యారు. 1962లో చిత్తూరు ఎంపీ అనంతశయనం అయ్యంగార్ బీహార్ గవర్నరుగా వెళ్లడంతో ఉప ఎన్నిక వచ్చింది. అందులో మన జిల్లా ఓటర్లు గెలిపించింది రంగానే. ఆయన జమీందారుల వకీలు కాదు, జీవితమంతా రైతు ఉద్యమాల్లో గడిపిన మనిషి. చిన్న రైతుకు భూమి ఒక్కటే ధైర్యమనీ, అది పోతే అధికారి ముందు చేతులు కట్టుకోవాల్సి వస్తుందనీ ఆయన వాదన.

దీనికి అవతలి పక్కన నిలిచిన వాదన కూడా అంతే బలమైనది. 1947లో రాజ్యాంగ సభ కోసం రాసిన పత్రంలో అంబేద్కర్ వ్యవసాయ భూమి, ముఖ్యమైన పరిశ్రమలు ప్రభుత్వ యాజమాన్యంలోనే ఉండాలన్నారు. భూమి లేనివాడికి స్వేచ్ఛగా బేరమాడే హక్కు ఇచ్చి ఏం లాభం, ఆకలితో ఉన్నవాడు ఏ కూలికైనా ఒప్పుకుంటాడు కదా అన్నది అందులోని ఆవేదన. కానీ 1948 నవంబరులో రాజ్యాంగంలో సోషలిస్టు అన్న మాట చేర్చాలని రాజ్యాంగ సభ సభ్యుడు కె.టి. షా సవరణ తెస్తే దాన్ని కాదన్నదీ అంబేద్కరే. సమాజాన్ని ఎలా నడుపుకోవాలో రాబోయే తరాలు తేల్చుకోవాలనీ, రాజ్యాంగం వాళ్ల చేతులు కట్టేయకూడదనీ చెప్పారు. ఈ రెండూ ఒకే మనిషి మాటలని గుర్తుపెట్టుకుంటే ఈ చర్చ ఎంత చిక్కనిదో తెలుస్తుంది.

తర్వాతి సంగతులు చాలామందికి తెలిసినవే. 1969లో 14 బ్యాంకుల జాతీయీకరణ, 1973లో మన రాష్ట్రంలో భూ పరిమితి చట్టం, 1976లో 42వ సవరణతో ప్రవేశికలోకి సోషలిస్టు పదం, 1991లో, పరిశ్రమ పెట్టాలంటే సర్కారు అనుమతి కావాల్సిన లైసెన్సుల రాజ్యానికి గండి. 2024 నవంబరులో సుప్రీంకోర్టు రెండు తీర్పులిచ్చింది. ప్రైవేటు ఆస్తి అంతటినీ సమాజపు వనరుగా లెక్కకట్టలేమని తొమ్మిదిమంది జడ్జీల బెంచిలో ఎక్కువమంది తేల్చారు. ఆ తర్వాత మూడు వారాలకే, ప్రవేశికలోంచి సోషలిస్టు పదం తీసేయాలన్న పిటిషన్లను ఇంకో బెంచి కొట్టేసింది. మన దేశంలో ఆ పదానికి సంక్షేమ రాజ్యమని అర్థమే తప్ప ప్రైవేటు వ్యాపారానికి అది అడ్డు కాదని చెప్పింది.

ధర మోసుకొచ్చే కబురు

మార్కెట్‌కున్న అసలు బలం దేనిలో ఉందో మదనపల్లె టమాటా చూపిస్తుంది. 2023 జులైలో కిలో వంద దాటింది. ఆ ధర ఒక్కటే ఎన్నో చోట్లకు కబురు పంపింది. పంట తక్కువగా ఉంది కాబట్టి వాడకం తగ్గించుకొమ్మని ఢిల్లీ గృహిణికి చెప్పింది. నీళ్లున్నవాడు నారు పోసుకుంటే డబ్బొస్తుందని రైతుకు చెప్పింది. దూరమైనా సరే సరుకు తెస్తే గిట్టుబాటవుతుందని లారీ వాడికి చెప్పింది. వీళ్లెవరికీ ఎవరూ ఉత్తర్వు ఇవ్వలేదు. కోట్ల మంది తలల్లో చెదిరి ఉన్న సమాచారాన్ని ధర కలిపి చూపిస్తుందనీ, ఏ ప్రణాళికా సంఘమూ దాన్ని ఒక గదిలో పోగుచేయలేదనీ ఆర్థికవేత్త హాయక్ 1945లో రాసింది ఇదే.

ఈ కబురును ఆపేసిన చోట ఏం జరిగిందో చరిత్రలో ఉంది. సోవియట్ యూనియన్‌లో ధరలు ఆఫీసులో కట్టారు. దుకాణాల ముందు క్యూలు పెరిగాయి, ఎవరికీ అక్కర్లేని సరుకు గోదాముల్లో పేరుకుంది. భూములు బలవంతంగా కలిపి ధాన్యం లాక్కున్నాక 1932–33లో ఉక్రెయిన్‌లో లక్షల మంది ఆకలితో చనిపోయారు. చైనాలో 1959 నుంచి 1961 దాకా వచ్చిన కరువు కోట్ల ప్రాణాలు తీసింది. అదే చైనాలో 1978లో షియావోగాంగ్ అనే ఊరి రైతులు పద్దెనిమిది మంది రహస్యంగా ఒప్పందం రాసుకుని పొలాలు ఇంటికింత అని పంచుకున్నారు. దిగుబడి ఒక్కసారిగా పెరిగింది. మనుషులూ, మట్టీ, వానా అవే. మారింది ఒక్కటే, పండించినదాంట్లో మిగులు ఎవరికన్నది.

అయితే ధర ఆకలిని లెక్కపెట్టదు, చేతిలో డబ్బును మాత్రమే లెక్కపెడుతుంది. 1943 బెంగాల్ కరువులో లక్షల మంది చనిపోవడానికి బియ్యం కొరత ఒక్కటే కారణం కాదనీ, కూలీలు కొనలేని ధరకు బియ్యం చేరిందనీ అమర్త్యసేన్ చూపించారు. మార్కెట్ బియ్యాన్ని డబ్బున్న చోటికి పంపింది. తన పద్ధతి ప్రకారం అది సరిగ్గానే పనిచేసింది. భయపెట్టేదీ అదే.

టమాటా రైతుకూ ఈ సంగతి తెలుసు. వంద పలికిన పంటే ఇంకో సీజన్‌లో కోత కూలి కూడా రాక రోడ్డు మీద పారబోయాల్సి వస్తుంది. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి.

మామిడి దగ్గర మార్కెట్ ఎందుకు తడబడుతుంది

టమాటా రైతు వచ్చే కారుకు పంట మార్చుకోగలడు. తోతాపురి రైతుకు ఆ వీలు లేదు. అంటు నాటి కాపు కోసం ఏళ్లు ఎదురుచూసిన చెట్టును ఒక్క సీజన్ ధర చూసి కొట్టేయలేడు. తోతాపురి తినే పండుగా కంటే గుజ్జుకే ఎక్కువ పోతుంది. కోసిన కాయ ఎక్కువ రోజులు ఆగదు. కొనేది కొన్ని పదుల ఫ్యాక్టరీలూ, వాటి తరఫున ర్యాంపులు, అంటే కాయలు కొనే కేంద్రాలు, పెట్టిన వ్యాపారులూ. అమ్మేవాళ్లు వేలల్లో, కొనేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. పైగా అమ్మేవాడి సరుకు గంటగంటకూ కుళ్లిపోతోంది. ఈ బేరాన్ని స్వేచ్ఛా మార్కెట్ అనాలంటే నాకు మనసొప్పదు. ఇద్దరిలో ఒకరికే వద్దని లేచి వెళ్లే వీలుంటే అది బేరం కాదు.

ఇప్పుడు 12 రూపాయల లెక్క వేద్దాం. ఒక రైతుకు పది టన్నులు వచ్చాయనుకుందాం. కోత, బాడుగ కలిపి కిలోకు 3 రూపాయలనుకుంటే ఖర్చు 30 వేలు. ఫ్యాక్టరీ కిలోకు 5 ఇస్తే 50 వేలు వస్తాయి, మిగిలేది 20 వేలు. మందులు, దున్నకం, కాపలా అందులోంచే. ప్రభుత్వం చెప్పినట్టు 12 వస్తే 1,20,000. ఖర్చు పోను 90 వేలు. ఫ్యాక్టరీ 8 ఇవ్వకుండా 5 దగ్గరే ఆగి, ఖజానా 4 మాత్రం ఇస్తే 90 వేలు వస్తాయి, మిగిలేది 60 వేలు. రైతు కుటుంబానికి 20 వేలకూ 60 వేలకూ తేడా ఎంతో ఇక్కడ చెప్పనక్కర్లేదు.

ఈ లెక్కకు అవతలి వైపు కూడా చూడాలి. పోయినేటి గుజ్జే అమ్ముడుపోని ఫ్యాక్టరీ 8 పెట్టి ఎందుకు కొంటుంది? ఉత్తర్వుతో ధర పెంచవచ్చు కానీ గుజ్జు కొనే విదేశీ కంపెనీని పెంచలేం. గేటు మూసేస్తే రైతుకు 8 కాదు, 5 కూడా రాదు. ఖజానా ఇచ్చే 4 రూపాయలు పన్నులు కట్టే అందరివీ. అందులో మామిడి తోట లేని కూలీ కొనే సబ్బు మీద పన్ను కూడా ఉంది. ధర పడినప్పుడల్లా ఆదుకుంటారని తెలిస్తే తోతాపురి తోటలు ఇంకా పెరుగుతాయి, కొరత ఉన్న పంట వైపు ఎవరూ కదలరు. హంగరీ ఆర్థికవేత్త యానోష్ కోర్నాయ్ ప్రభుత్వ ఫ్యాక్టరీల గురించి చెప్పిన జబ్బు ఇదే. నష్టాన్ని ఎప్పుడూ ఇంకెవరో పూడుస్తారని తెలిసినవాడు జాగ్రత్తపడడు.

ఇక సరిహద్దు దగ్గర ఆంక్ష సంగతి. చిత్తూరు రైతుకు అది రక్షణ. కోలారు జిల్లా శ్రీనివాసపురం వైపు రైతుకు అదే దెబ్బ. ఆయన చెట్టూ ఇదే చెట్టు, ఆయన అప్పూ ఇదే అప్పు. మన రైతును కాపాడుకోవడం న్యాయమే అనిపించినా, ఆ భారం మనకంటే మెరుగ్గా లేని ఇంకో రైతు మీద పడింది. సమాజం చేతిలో నిర్ణయం పెట్టాలని వాదించేవాళ్లు ఏ సమాజం అన్న ప్రశ్నకు ఎప్పుడూ జవాబు చెప్పుకోవాల్సి ఉంటుంది.

పాలకేంద్రంలో కనిపించే మూడో దారి

మన జిల్లాలో సగం ఊళ్లు బతికేది పాడి మీదే. పాలకేంద్రంలో తెల్లవారుజామున ఏం జరుగుతుందో చూస్తే ఆస్తి, ధర, నష్టం మూడూ కళ్లెదుటే ఉంటాయి. మహిళలు క్యాన్లు తెచ్చి వరసలో పెడతారు. కేంద్రం మనిషి గ్లాసుడు పాలు తీసి మిషన్ గొట్టం కింద పెడతాడు. కొన్ని సెకన్లలో వెన్న శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాని ఘన పదార్థం) అంకెలు వస్తాయి, చీటీ బయటికొస్తుంది. ఆ చీటీ మీదే లీటరు ధర ఉంటుంది. 4.0 వెన్నకు 35 రూపాయలు, 3.7కు 33 రూపాయలు అనుకుందాం. రోజుకు ఎనిమిది లీటర్లు పోసే ఇంటికి ఆ కాస్త తేడా నెలకు 480 రూపాయలు. మిషన్ సరిగ్గా ఉందో లేదో చూసేదెవరు? కేంద్రం ఎవరిదైతే వాళ్లే. అందుకే ఇక్కడ యజమాని ఎవరన్నది పుస్తకాల ప్రశ్న కాదు.

ఒకప్పటి చిత్తూరు సహకార డెయిరీలో యజమానులు, కనీసం కాగితం మీద, పాలు పోసేవాళ్లే. ఇది సర్కారీ సోషలిజం కాదు, పాలను బజారులోనే అమ్మాలి. ప్రైవేటు కంపెనీ కూడా కాదు, మిగులు సభ్యులకే చేరాలి. 1946లో గుజరాత్‌లో ఖేడా రైతులు ఒక ప్రైవేటు కంపెనీ గుత్తాధిపత్యాన్ని తట్టుకోలేక కట్టుకున్న సంఘమే తర్వాత అమూల్ అయింది. అదే పద్ధతి దేశమంతా పాకింది. మన డెయిరీ మాత్రం అప్పుల్లో కూరుకుని 2002లో మూతపడింది. దానికి కారణం ఎవరన్నది మన రాజకీయాల్లో ఇప్పటికీ ఆరని మంట. పోటీ ప్రైవేటు డెయిరీల కోసమే చంపేశారని ఒక పక్షం, యాజమాన్య లోపాలే ముంచాయని ఇంకో పక్షం. రెండు వాదనల్లోనూ రైతు ఓటరుగా కనిపిస్తాడు తప్ప యజమానిగా కనిపించడు. గాజులమండ్యం, చిత్తూరు సహకార చక్కెర ఫ్యాక్టరీలు కూడా మూతపడ్డాయి. సభ్యులు లెక్కలు అడగలేని సహకార సంఘం పేరుకే సహకారం.

2020 డిసెంబరులో అప్పటి ప్రభుత్వం అమూల్‌తో పాల సేకరణ మొదలుపెట్టిన జిల్లాల్లో చిత్తూరు ఒకటి. అమూల్ వచ్చాకే ప్రైవేటు డెయిరీలు కూడా ధర పెంచాయని ఆ ప్రభుత్వం చెప్పుకుంది. అందులో ఎంత నిజమన్నది పక్కన పెట్టినా, ఈ మాటలో ఉన్న తర్కం గమనించదగ్గది. రైతుకు మేలు చేసింది సహకార సంఘమా, పోటీయా? నా లెక్కలో ఆ మేలు రెండో గుమ్మం తెరుచుకోవడంలో ఉంది. ఊళ్లో రెండు కేంద్రాలుంటే చీటీలో అంకె తేడాగా వచ్చిన రోజు పాలు పోసే ఆమె క్యాను ఎత్తుకుని పక్క కేంద్రానికి వెళ్తుంది. ఒక్కటే ఉంటే అది ప్రైవేటుదైనా, సర్కారుదైనా తల వంచుకోవాల్సిందే.

న్యాయం సంగతి

ఆచరణ పక్కన పెట్టి న్యాయం గురించి అడిగితే పెట్టుబడిదారీ విధానం వైపు మూడు బలమైన మాటలున్నాయి. ఇద్దరూ ఇష్టపడి చేసుకున్న బేరంలో మూడోవాడు తలదూర్చకూడదు. కష్టపడినవాడికీ, ప్రమాదానికి తెగించినవాడికీ ఫలితం దక్కాలి. ఇక అన్నిటికంటే ముఖ్యమైనది, ఉద్యోగమిచ్చేదీ, ఇల్లిచ్చేదీ, పేపరు అచ్చేసేదీ ఒకే ప్రభుత్వమైతే దాన్ని ఎదిరించి బతకడం కష్టం. సోవియట్ చరిత్ర ఈ మూడో మాటకు రక్తంతో రాసిన సాక్ష్యం.

అటువైపు మాట ఇది. బేరానికి ముందే ఎవరి చేతిలో ఏముందో చూడండి. కార్వేటినగరం, శ్రీకాళహస్తి, పుంగనూరు జమీందారీల కింద దున్నినవాళ్ల మనవలూ, భూమి పట్టాలున్నవాళ్ల మనవలూ ఒకే గీత దగ్గర పరుగు మొదలుపెట్టలేదు. 1948 చట్టం జమీందారీలను రద్దుచేసి దున్నే రైతుకు పట్టా ఇచ్చింది. ఆ రైతు పొలంలో కూలికి పోయేవాడికి చాలాచోట్ల ఏమీ ఇవ్వలేదు. ఆ కూలీలు ఏ కులాలవాళ్లో జిల్లాలో అందరికీ తెలుసు. కష్టానికి ఫలితం అన్న సూత్రం నిజంగా పాటిస్తే, వారసత్వంగా వచ్చిన పదెకరాలు ఎవరి కష్టం? ఏ ఇంట్లో పుడతామో తెలియకుండా నియమాలు రాసుకోమంటే ఎలాంటి నియమాలు రాస్తామని తత్వవేత్త జాన్ రాల్స్ 1971లో అడిగారు. దానికి నిజాయితీగా జవాబు చెప్పాలంటే ఎవరికైనా కష్టమే.

శ్రీసిటీలో ఫోన్లు బిగించే పల్లె అమ్మాయిలను ఇద్దరూ తమ సాక్ష్యంగానే చూపిస్తారు. సొంత జీతం, సొంత ఖాతా, పెళ్లి వాయిదా వేసుకునే ధైర్యం వాళ్లకు ఏ సంక్షేమ పథకమూ ఇవ్వలేదని ఒకరంటారు. అదే లైన్‌లో గంటల తరబడి నిలబడి, కాంట్రాక్టు ఎప్పుడు తెగుతుందో తెలియని టెన్షన్‌తో బతికే వాళ్లకు బేరమాడే యూనియన్ ఏదని ఇంకొకరు అడుగుతారు. ఇద్దరూ చెప్పేది నిజమే, ఒకటి రెండోదాన్ని కొట్టేయదు.

వైద్యంలో మనం ఎప్పుడో కలిపేసుకున్నాం. తిరుపతిలో రుయా ప్రభుత్వానిది, స్విమ్స్ టీటీడీ స్థాపించింది. వేలూరు సీఎంసీ మిషన్ ఆస్పత్రి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీలో బిల్లు సర్కారుది, ఆపరేషన్ చాలావరకు ప్రైవేటుది.

రెండు విధానాలూ ఓడిన చోటు: బోరు

జిల్లా పడమటి మండలాల్లో బోర్లు వెయ్యి అడుగులు దాటాయి. బోరు రైతు సొంత ఆస్తి. 2004 నుంచి వ్యవసాయానికి కరెంటు ఉచితం. ప్రైవేటు ఆస్తి తోడుకునే హక్కిచ్చింది, సర్కారు ఆ తోడకానికి ఖర్చు లేకుండా చేసింది. భూగర్భ జలానికి మాత్రం ధరా లేదు, యజమానీ లేడు. పక్క పొలంవాడు ఇంకో రెండు వందల అడుగులు లోతుకు దించితే ఇవతలి బోరు ఎండిపోతుంది. అప్పుచేసి ఇతనూ దించుతాడు. ఇద్దరూ తప్పుచేయలేదు, ఇద్దరూ మునుగుతారు.

ఇలాంటి ఉమ్మడి వనరులకు ప్రభుత్వం, ప్రైవేటు అన్న రెండే దారులు లేవని ఎలినార్ ఆస్ట్రమ్ ప్రపంచమంతా తిరిగి చూపించారు. 2009లో ఆమెకు ఆర్థిక శాస్త్రంలో నోబెల్ వచ్చింది. వాడుకునేవాళ్లే హద్దులు గీసుకుని, వంతులు వేసుకుని, తప్పినవాడికి జరిమానా వేసే పద్ధతి చాలాచోట్ల శతాబ్దాలు నిలిచింది. మన చెరువుల కింద నీళ్లు వదిలే నీరుగంటి వంతు ప్రకారం మళ్లు తడిపింది ఆ పద్ధతిలోనే. చెరువు నీళ్లు కళ్లకు కనిపిస్తాయి కాబట్టి వంతు నడిచింది. భూమిలో ఎన్ని నీళ్లున్నాయో కొలిచి ఊరి ముందు పెట్టే ఏర్పాటు ఇంకా చాలా ఊళ్లలో లేదు. కొత్త బోరుకు అనుమతి కావాలనే వాల్టా చట్టం 2002 నుంచి ఉంది, రిగ్గు బండ్లు మాత్రం రాత్రిపూట కూడా తిరుగుతున్నాయి.